కోవిల్‌పట్టిలో మేడ కింది షెడ్డు

కోవిల్‌పట్టికి పనిగట్టుకుని యాత్రకు వెళ్ళేవారు తక్కువ. మదురై మీనాక్షమ్మను దర్శించుకుని కన్యాకుమారికి పోయే మనవాళ్ళంతా ఆ స్టేషనును నిద్రలోనే దాటేస్తారు. నేను మాత్రం ఆ ఊళ్ళో మూడేళ్ళు కాపురమున్నాను. 2007లో మా బ్యాంకువారు నన్ను అక్కడికి బదిలీ చేసినప్పుడు, అటువైపు తెలుగు మాట వినబడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఇల్లు వెతుక్కుంటూ ఒక గుమ్మం ముందు నిలబడి నాకొచ్చిన అరకొర అరవంలో అడుగుతుంటే, లోపల్నుంచి ఒకావిడ “ఎవురో వచ్చుండారు చూడండి” అంది. ఆ ఇంటి మేడమీద వాటాలోనే 2010 దాకా ఉన్నాం.

ఈ నల్లరేగడి సీమలో తెలుగు కుటుంబాలు శతాబ్దాల క్రితమే వచ్చి స్థిరపడ్డాయి. కోవిల్‌పట్టికి దగ్గరలోని ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. తెలుగువారి వలసను కథగా చెప్పిన ఆయన నవలకు కొనసాగింపుగా రాసిన నవలకే 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశాక తమిళనాడు ప్రభుత్వం కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కట్టించింది. ఇటు ఉత్తరాన విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నడిపించింది ఆ వీధుల్లోనే. అయినా ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. భాష నాలుక మీద ఉంది, కాగితం మీద లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా ఇంటాయన్ను అందరూ నాయుడుగారనే అనేవారు. నేనూ అలాగే అంటాను. మేడ కింద వెనకవైపు రేకుల షెడ్డులో ఆయనకొక లేతు, ఒక డ్రిల్లింగు మిషను ఉండేవి. 1891 నాటి లాయల్ మిల్లు ఉన్న ఊరు, దాని చుట్టూ అగ్గిపెట్టెల కర్మాగారాలు. ఇరుసులు, చక్రాలు, మరలు ఏవో ఒకటి అరిగిపోతూనే ఉంటాయి. నాయుడుగారికి పని తప్పేది కాదు. పొద్దున్నే లేతు చప్పుడుకి మాకు మెలకువ వచ్చేది. మా ఆవిడ విసుక్కునేది గానీ, నేను దాన్నే గడియారంగా పెట్టుకున్నాను.

పోయిన మాఘమాసంలో ఆయన కొడుకు ఫోను చేశాడు. ఇంట్లో తెలుగే అయినా వాణ్ణి “తంబీ” అనే పిలుస్తారు. మేం ఖాళీ చేసి వచ్చేనాటికి బడికిపోయే పిల్లవాడు, ఇప్పుడు డిప్లొమా చేసి షెడ్డు చూసుకుంటున్నాడు. “మామా, సొంతంగా సీఎన్సీ మిల్లింగు మిషను చేసినాను. బ్యాంకులో లోను అడగాల. దానికి ముందు తెలుగు అక్షరం చదవను మీరు రావాల” అన్నాడు. లోనుకీ తెలుగు అక్షరానికీ సంబంధమేమిటో అర్థం కాలేదు. కానీ “సీఎన్సీ”, “లోను” అన్న రెండు మాటలూ పక్కపక్కన వినగానే నా కడుపులో ఏదో కదిలింది. కారణం చెబుతాను.

2008లో నాయుడుగారు మా శాఖలోనే ఒక దరఖాస్తు పెట్టారు. ఎక్కడో వాడి తీసేసిన సీఎన్సీ మిల్లింగు మిషనును తొమ్మిది లక్షలకు కొనడానికి. దాని మీద నోటు రాసింది నేనే. కంట్రోలరు విదేశీది, చెడితే బాగుచేసేవాడు ఈ ప్రాంతంలో లేడు, నడపడానికి శిక్షణ పొందిన మనిషి లేడు, హామీ చాలదు. నాలుగు వాక్యాలు, ప్రతి వాక్యమూ సరైనదే. దరఖాస్తు తిరిగి వెళ్ళింది. నాయుడుగారు బయట వడ్డీకి తెచ్చి ఇంకో పాత లేతు కొనుక్కున్నారని, ఆ వడ్డీ ఏళ్ళ తరబడి కట్టారని తర్వాత తెలిసింది. అద్దె తీసుకునేటప్పుడు కూడా ఆయన ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెన్నై నుంచి నెల్లై ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. విరుదునగర్, సాత్తూరు దాటితే కోవిల్‌పట్టి. సాత్తూరులో కారప్పూస అమ్ముతారని మేలుకుని కూర్చునే అలవాటు నాకింకా పోలేదు, ఆ వేళకు ఎవరూ అమ్మకపోయినా. స్టేషనుకు తంబి వచ్చాడు. ఇంటికి వెళ్ళగానే అక్కయ్య “ఎట్ల ఉండారు తమ్ముడా, చిక్కిపోయినారే” అంటూ కాఫీ ఇచ్చింది. నాయుడుగారు నవ్వి తలూపారు. డెబ్భై దాటాయి, చెవి కాస్త మందం.

షెడ్డులోకి వెళ్ళాక నాకు మొదట నిరాశే కలిగింది. సీఎన్సీ అంటే ఎక్స్‌పోల్లో చూపించే తెల్లటి బీరువా లాంటిది ఊహించుకున్నాను. ఇక్కడున్నది ఇనప చట్రం, దానిమీద అటూ ఇటూ జరిగే బల్ల, పైన కిందికీ మీదికీ కదిలే స్పిండిలు, మూడు స్టెప్పరు మోటార్లు, కట్టలు కట్టిన వైర్లు. పక్కన స్టూలు మీద ఒక పాత కంప్యూటరు. పాత ఇనపకొట్లో తూకానికి కొన్నదట. వెనకాల ప్రింటర్లకు పెట్టే పాతకాలపు ఇరవై ఐదు పిన్నుల సాకెట్టు ఉందని ఏరి తెచ్చుకున్నాడు. మిషను మోటార్లకు సంకేతాలు పోయేది ఆ సాకెట్టులోంచే.

“కంట్రోలరు ఏ కంపెనీది?” అని అడిగాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆ ప్రశ్న అడిగించింది.

“కంపెనీ లేదు మామా. లైనక్స్ సీఎన్సీ. దుడ్డు లేదు.”

ఉచితమంటే బ్యాంకువాడికి అనుమానం ముందు పుడుతుంది. ఎవరు రాశారు, చెడితే ఎవరు పూచీ అని గుచ్చిగుచ్చి అడిగాను. వాడు ఓపికగా చెప్పాడు. తర్వాత నేనూ కొంత చదివి సరిచూసుకున్నాను. చేతిచక్రం తిప్పే పనిని అంకెలతో చేయించడం అమెరికాలో పార్సన్స్ అనే ఆయన ఆలోచన. ఎంఐటీ విశ్వవిద్యాలయంవారు 1952లో చిల్లులు పొడిచిన కాగితపు టేపుతో మిల్లింగు మిషను నడిపి చూపించారు. ఆ తర్వాత ఒక్కో కంపెనీ తన కంట్రోలరుకు తానే తాళం వేసుకుంది. ఏది కొంటే దానికే కట్టుబడి ఉండాలి. 1990లలో అమెరికా ప్రభుత్వపు కొలతలూ ప్రమాణాల సంస్థ, నిస్ట్ అంటారు, ఎవరైనా తెరిచి చూసుకోగల కంట్రోలరు ప్రోగ్రాము ఒకటి తయారుచేసింది. అక్కడ ప్రభుత్వోద్యోగులు ఉద్యోగంలో భాగంగా రాసినదానికి కాపీరైటు ఉండదు కనుక అది ప్రజల సొత్తయింది. ఆ తర్వాత అభిరుచి ఉన్నవాళ్ళు దేశదేశాల్లో కూర్చుని దాన్ని పెంచారు. మొదటి పేరు ఈఎంసీ. అదే పేరుతో ఒక పెద్ద కంపెనీ ఉండటంతో 2011లో లైనక్స్ సీఎన్సీగా మారింది. పూచీ మాత్రం ఎవరిదీ కాదని లైసెన్సులోనే రాసి ఉంది. “అందుకే ఇది పెట్టినాను” అని తంబి ఎర్ర బటను చూపించాడు. అది నొక్కితే కంప్యూటరుతో నిమిత్తం లేకుండా కరెంటే పోతుంది.

ఈ ప్రోగ్రాము మిషనుతో పాటు అమర్చి రాదు. నీ మిషను ఏమిటో దానికి నువ్వే చెప్పుకోవాలి. మొదట కంప్యూటరు తాళం తప్పుతుందేమో పరీక్ష. మోటారు కదలాలంటే సెకనుకు వేలకొద్దీ చిన్న విద్యుత్ దరువులు సమానంగా పడాలి. డోలు ఒక్క దెబ్బ ఆలస్యమైతే సన్నాయి ఎలా తడబడుతుందో, దరువు ఆలస్యమైతే మోటారు అలా అడుగు తప్పుతుంది. కావాలనే పాటలు పెట్టి, కిటికీలు తెరిచి మూసి, కంప్యూటరును విసిగిస్తూ ఎంత ఆలస్యమవుతుందో కొలిచాడట. కొన్ని కంప్యూటర్లు ఇక్కడే ఓడిపోతాయి. వాడి తూకం కంప్యూటరు నెగ్గింది.

తర్వాతది లెక్క. ఇదైతే నా సొంత ఊరు. మోటారు ఒక చుట్టు తిరగడానికి రెండువందల అడుగులు. డ్రైవరు పెట్టె ఒక్కో అడుగునూ ఎనిమిది ముక్కలు చేస్తుంది, మొత్తం 1600. బల్లను జరిపే పొడవాటి మర ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు ముందుకు తోస్తే, మిల్లీమీటరుకు 400 దరువులు కావాలి. ఈ అంకెనే స్కేలు అంటారు, ఒక ఫైల్లో రాసిపెట్టాలి. తంబి రాసింది 400. కానీ 100 మిల్లీమీటర్లు పొమ్మంటే బల్ల అడ్డంగా 105.8 పోతోంది! నిలువుగా మాత్రం సరిగ్గా వస్తోంది. చదరం గీయమంటే దీర్ఘచతురస్రం. రెండు వారాలుగా వైర్లు మార్చాడు, మోటారు మార్చాడు, అంకెలు మార్చాడు, మళ్ళీ 400కే వచ్చాడు. పుస్తకం ప్రకారం అదే సరైనదాయె.

ట్రయల్ బ్యాలెన్సులో తేడా వస్తే మేము ఏంచేస్తామో అదే చెప్పాను. తేడా ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉందా లేక పెరిగి తరుగుతోందా? 50కి 52.9, 200కి 211.7. ఒకే నిష్పత్తి. అంటే అడుగులు తప్పడం కాదు, ఎక్కడో మూలంలోనే అంకె తప్పు. ఆ మర ఎవరిదని అడిగాను.

“నిలువు మర కొన్నది. అడ్డం మర నాయన లేతులో చేసినాడు. నాలుగు మిల్లీమీటర్లకు చేయమన్నాను.”

నాయుడుగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు. గట్టిగా అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, “మన లేతు ఇంచీల లేతు గదా సార్. మిల్లీమీటరు మర సరిగ్గా తెగాలంటే నూట ఇరవయ్యేడు పళ్ళ చక్రం కావాల. మనకాడ లేదు. నాలుగుకు దగ్గరగా ఉంటాదని ఇంచికి ఆరు చుట్లు తీసినాను” అన్నారు.

అంగుళం 25.4 మిల్లీమీటర్లు. ఆరుతో భాగిస్తే 4.233. పదహారువందలను దాంతో భాగిస్తే 377.95. తంబి ఆ అంకె కొట్టి, మళ్ళీ వంద పొమ్మన్నాడు. డయల్ గేజి పెట్టి చూస్తే వంద. ఎదురు తిరిగినప్పుడు కొద్దిగా తక్కువ వచ్చింది గానీ, అది మరకీ నట్టుకీ మధ్య ఉండే సందు. మా భాషలో చెప్పాలంటే దారిలో ఉన్న చెక్కు. దానికీ ఫైల్లో ఒక గడి ఉంది, ఎంత సందో కొలిచి రాస్తే ప్రోగ్రామే కలుపుకుంటుంది.

“ముందే చెప్పొచ్చు గదా నాయనా!” అని తంబి తల పట్టుకున్నాడు. “నువ్వు అడగలేదు గదరా” అన్నారాయన. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. కంప్యూటరు సంగతి మనకేం తెలుస్తుందని రెండు వారాలూ దూరంగా కూర్చున్నారు, అంతే.

ఇక తెలుగు అక్షరాలు. విరుదునగర్ పప్పుల మిల్లు యజమాని ఒకాయన ఆంధ్రాకు పంపే బస్తాల మీద తెలుగులో ముద్ర వేయించాలనుకున్నాడు. అల్యూమినియం రేకులో అక్షరాలు తొలిచి ఇస్తే, బస్తా మీద పెట్టి సిరా కుంచెతో రుద్దుతారు. పన్నెండు రేకుల బేరం. కుదిరితే తమిళం, హిందీ రేకులు కూడా వీడికే. “మినపగుళ్ళు” అన్నది ముద్ర. తంబి ఆ మాటను గడగడా పలుకుతాడు, రాసి ఉంటే గుర్తుపట్టలేడు.

మన లిపి ఎంత గుండ్రనిదో రేకులో తొలిచినప్పుడే తెలిసింది. మూసుకున్న ప్రతి సున్నా లోపలి ముక్కా ఊడి కిందపడిపోతుంది. మ పొట్ట, దాని మీది గుడి, ళ లోపలి చుట్టు అన్నీ రాలిపోతాయి. రాలకుండా అక్కడక్కడా సన్నని వంతెనలు వదలాలి. ఎక్కడ వదలాలో తెలుగు చదివేవాడే చెప్పాలి. తంబి ఊహ మీద మ తోక దగ్గరే ఒక వెడల్పాటి వంతెన పెట్టాడు. తోక దూరమై అది కాస్తా “వి” అయింది. వినపగుళ్ళు ఏ దేశపు ధాన్యమో! అక్కయ్యా నేనూ ఇంత నవ్వుకున్నాం. తెర మీద ఒక్కో అక్షరానికీ వంతెన చోటు చూపించడానికి నాకు సాయంత్రమంతా పట్టింది.

రాత్రి ఎనిమిదింటికి మొదటి రేకు బిగించాడు. చుక్కచుక్కగా కిరసనాయిలు పోస్తూ ఉంటే 3 మిల్లీమీటర్ల ఎండ్ మిల్లు అల్యూమినియం కోసుకుంటూ పోయింది. చేయి తగిలించేవాడు లేకుండా అక్షరం దానంతటదే పుడుతుంటే చూడటం విచిత్రంగా ఉంటుంది. నాయుడుగారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. పని అయ్యాక తంబి రేకు విప్పి, తుడిచి, నా చేతికిచ్చాడు.

నేను చదవలేకపోయాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి!

వాడి మొహం పాలిపోయింది. చదరాలు, వలయాలు ఎన్ని గీసి చూశాడో పాపం. కానీ చదరం అద్దంలోనూ చదరమే, వలయమూ అంతే. తమిళం కోసి ఉంటే తనకే తెలిసేది. తెలుగు కాబట్టి, తెర మీది బొమ్మతో పోల్చి చూడకుండా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఫైలు తెరిచి ఒక్కో వరుసా చూశాం. 377.95 ముందు చిన్న గీత ఉంది, మైనస్ గుర్తు. ఈ ప్రోగ్రాములో స్కేలుకు మైనస్ పెడితే మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. రెండు వారాల తికమకలో వైర్లు మార్చినప్పుడు ఎప్పుడో పెట్టాడు, వైర్లు మళ్ళీ సరిచేసినప్పుడు గీత తీయడం మరిచాడు. అంకె సరిచేసేటప్పుడు మా ఇద్దరి కళ్ళూ అంకె మీదే ఉన్నాయి, దాని ముందున్న గీతను చూడలేదు. వోచర్లలో ఇలాంటి గీతలు పట్టుకునే ఉద్యోగం చేసి కూడా!

“రేకు పాడైపోయె” అని వాడు కూలబడ్డాడు. అంతలో అక్కయ్య అన్నం తినడానికి పిలవడానికొచ్చి, విషయం విని, రేకును నా చేతిలోంచి తీసుకుని అటు తిప్పి పట్టుకుంది. “ఇట్ల పెడితే సరిపోలేదా?”

అక్షరం ముక్క చదవడం రాని ఆవిడ చేతిలో “మినపగుళ్ళు” స్పష్టంగా కనబడింది. ఆరుపార తొలిచిన రేకుకు ముందేమిటి, వెనకేమిటి!

గీత తీసేసి, మర్నాడు మిగతా రేకులు కోశాడు. ఆ పగలంతా నేను లోను కాగితాల మీద కూర్చున్నాను. ముద్రా పథకంలో యాభైవేల నుంచి అయిదు లక్షల దాకా ఇచ్చే తరగతి ఉంది, వాడికి అది చాలు. చిక్కెక్కడంటే, బ్యాంకుకు తనఖా పెట్టే మిషనుకు తయారీదారు పేరుండాలి, బిల్లుండాలి, నంబరుండాలి. ఇంట్లో కట్టుకున్న మిషనుకు అవేవీ లేవు. మోటార్ల బిల్లు, డ్రైవర్ల బిల్లు, స్పిండిలు బిల్లు, చట్రానికి ఇనుము బిల్లు వరసగా అంటించి, ఫోటోలు తీయించి, లెక్క కట్టాను. పాత కంప్యూటరుకు ఇనపకొట్టువాడి తెల్లచీటీ ఉంది, అదీ జతచేశాను. “అడ్డం మర, ఇత్తడి నట్టు” దగ్గర వెల గడిలో ఏం రాయాలో తోచక ఖాళీ వదిలాను. కంట్రోలు ప్రోగ్రాము దగ్గర సున్నా అని రాసి, దాని చరిత్ర అరపేజీ జోడించాను. ఆ ఫైలు చూసే అధికారి, ఒకప్పటి నాలాంటివాడు, దాన్ని చదువుతాడో లేదో.

మూడో రోజు నాయుడుగారూ, తంబీ, నేనూ బస్సులో విరుదునగర్ వెళ్ళాం. సుమారు యాభై కిలోమీటర్లు. రెండు వైపులా నల్ల నేలలు, దూరంగా కర్మాగారాల రేకుల కప్పులు. తంబి ముందు సీట్లో రేకుల మూట ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక సీట్లో నేనూ నాయుడుగారూ. సాత్తూరు దాటాక, పదిహేడేళ్ళుగా దాచుకున్న మాట పైకి తెచ్చాను. “ఆ లోను నోటు రాసింది నేనేనండీ” అన్నాను.

“తెలుసును సార్” అన్నారు. కాసేపు కిటికీలోంచి చూసి, “లోను రాలేదని కాదు. మీరు మూడేండ్లు పైన ఉండారు. కింద షెడ్డుకు ఒక్క దినం రాలేదు. వచ్చి చూసి లేదనుంటే నాకు మనసు ఆగుండును” అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. ఆయన కూడా దానికోసం ఎదురుచూడలేదు. టిక్కెట్లు తన జేబులోనే ఉన్నాయా అని చూసుకున్నారు.

విరుదునగర్ వర్తకుల ఊరు. 1903లో కామరాజ నాడారు పుట్టిన చిన్న ఇల్లు ఇక్కడే ఉంది, స్మారకంగా ఉంచారు. ఆ ఇంటికి దగ్గర్లోనే బజారు. మిరప ఘాటు, నూనె వాసన, బస్తాల దుమ్ము కలిసి గుంటూరు యార్డు గుర్తొచ్చింది. మిల్లు యజమాని రేకును వెలుతురుకు ఎత్తి చూసి, తెలుగు రాదు గనక నా వైపు చూశాడు. సరిగానే ఉందన్నాను. హమాలీ ఒక ఖాళీ గోనెసంచి పరిచి, రేకు పెట్టి, నల్లసిరా కుంచెతో రెండుసార్లు రుద్ది ఎత్తాడు. మి మీది గుడిలో వంతెన దగ్గర కొద్దిగా తెల్ల గీత. మిగతాదంతా నిండుగా పడింది.

యజమాని పన్నెండు రేకులకూ డబ్బు లెక్కపెట్టి, తమిళ రేకులు ఎప్పటికిస్తావని తంబిని అడిగాడు. వాడు నాన్న వైపు చూశాడు. నాయుడుగారు మాత్రం సంచి దగ్గర వంగి, ఆరీ ఆరని సిరా పక్కనే వేలితో ఒక్కో అక్షరాన్నీ గాలిలో దిద్దుతూ, “ఇది ఏందీ సార్?” అని అడిగారు.

“మి” అన్నాను.

“ఇది?”

“న.”